నల్లరాయి, ఎర్రగీత

కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు కొండల్లో దొరికే ఒక జాతి రాయిని చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది బరువు. అదే సైజు గ్రానైట్ ముక్కకు దాదాపు రెట్టింపు తూగుతుంది. రంగు కారునలుపు. మంచి ముక్క దొరికితే భూతద్దం కింద ఎనిమిది ముఖాల బుల్లి స్ఫటికాలు కనిపిస్తాయి. రెండు పిరమిడ్లను అడుగూ అడుగూ కలిపి అతికించినట్టుండే ఆకారం అది. ఖనిజశాస్త్రం కాస్త చదివిన వాళ్లెవరైనా చూడగానే మాగ్నటైట్ అంటారు. అంటే సూదంటురాయి జాతి.

అయితే జేబులోంచి అయస్కాంతం తీసి దగ్గర పెట్టండి. గట్టిగా అతుక్కోవలసింది, ఏదో మొహమాటానికి అంటుకున్నట్టు అంటుకుని జారిపోతుంది. ఆ తర్వాత ఇంట్లో మిగిలిపోయిన నేలటైలు ఒకటి తిరగేసి, మెరుగు లేని వెనకవైపున రాయితో గీయండి. మాగ్నటైట్ అయితే నల్లగీత పడాలి. పడేది ఎర్రగీత. మన ఊళ్లలో గుడి గోడలకు సున్నం పట్టీ పక్కన కొట్టే జాజు రంగుకు దగ్గరి ఎరుపు. జాజులో ఎరుపునిచ్చేది హెమటైట్ పొడి. ఈ నల్లరాయి గీతలో కనపడేదీ అదే.

ఒంటి ఆకారం మాగ్నటైట్‌ది, గీత హెమటైట్‌ది. ఇలాంటి దాన్ని భూగర్భశాస్త్రంలో మార్టైట్ అంటారు. మాగ్నటైట్ తన స్ఫటిక రూపం చెడకుండా హెమటైట్‌గా మారడం మార్టైటైజేషన్. ఫ్రైబర్గ్‌లో పాఠాలు చెప్పిన జర్మన్ ఖనిజశాస్త్రవేత్త ఆగస్ట్ బ్రైట్‌హౌప్ట్ 1828లో పెట్టిన పేరిది. ఇనుముకు అధిపతి కుజుడని పాత రసవాదుల నమ్మకం, కుజుణ్ణి లాటిన్‌లో మార్స్ అంటారు, అందుకని మార్టైట్. అంతకు మించి ఆ పేరులో మర్మమేమీ లేదు.

విచిత్రం ఏమిటంటే, ఖనిజాల అధికారిక జాబితాలో మార్టైట్‌కు విడిగా చోటు లేదు. రసాయనశాలకు పంపితే హెమటైట్ అనే రాసిస్తారు. అదీ సబబే, లోపలున్న పదార్థం అదే మరి. మరి ఉన్నదానికి ఒక పేరుండగా ఇంకో పేరెందుకు? హెమటైట్ అంటే రాయి ఇప్పుడు ఏమిటో తెలుస్తుంది. మార్టైట్ అంటే ఇంతకుముందు ఏమిటో కూడా తెలుస్తుంది. బళ్లారి ప్రాంతంలో ఈ రెండో కబురుకు విలువ ఎక్కువ. ఎందుకంటే అక్కడి ఇనుప ఖనిజమంతా ఒకప్పుడు మరొకటిగా ఉండి మారినదే.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్లారి జిల్లాలోంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్లారితో సహా మిగతావి మైసూరుకు పోయాయి. బళ్లారి బజార్లో మాత్రం తెలుగు, కన్నడం ఇప్పటికీ ఒకే వాక్యంలో సర్దుకుని బతుకుతుంటాయి. గనుల భాష ఆ రెండింటికీ చెందదు. లంప్స్, ఫైన్స్, బ్లూ డస్ట్, గ్రేడ్, పర్మిట్: లారీ డ్రైవరు నుంచి గని యజమాని దాకా అందరివీ ఇవే మాటలు. సండూరు చుట్టూ దోణి ఆకారంలో నిలబడ్డ కొండలు, వాటి మీద కుమారస్వామి గుడి, పక్కన దోణిమలై గని. అదే జాతి రాళ్లు జిల్లా దాటి అనంతపురం వైపు ఓబుళాపురం దాకా కనిపిస్తాయి. సరిహద్దు ఎక్కడ అన్న తగువు కోర్టుల దాకా వెళ్లి, కొలవడానికి సర్వే ఆఫ్ ఇండియా రావలసి వచ్చింది ఈ కొండల మీదే.

జియాలజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ జిల్లా అంతా తిరిగి, బళ్లారి భూగర్భం మీద 1895లో ఒక పెద్ద గ్రంథం వెలువరించాడు. పల్లావరంలో ఆదిమానవుడి రాతి గొడ్డలిని గుర్తించిన ఫుట్ ఈయనే. సండూరు రాళ్లను ఆయన ధార్వార్ శిలల్లో చేర్చాడు. వాటి వయసు కట్టే సాధనం ఆయన కాలానికి లేదు. తర్వాతి తరాలు జిర్కాన్ రేణువుల్లోని యురేనియం, సీసం కొలిచి తేల్చిన లెక్క సుమారు 270 కోట్ల ఏళ్లు.

ఆ కాలంలో గాలిలో ఆక్సిజన్ లేదనే చెప్పాలి. గాలిలోకి అది చెప్పుకోదగ్గంత చేరింది సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట. ఆక్సిజన్ లేని సముద్రంలో ఇనుము కరిగి ఉండగలదు. అలా కరిగిన ఇనుమూ, సిలికా సముద్రం అడుగున పొరమీద పొరగా పేరుకున్నాయి. ఒక పొర ఎర్రగానో నల్లగానో, ఇంకో పొర తెల్లగా, మళ్లీ ఎర్రగా. గనుల్లో దీన్ని బీహెచ్‌క్యూ అంటారు. చీరంచులా చారలు తీరిన ఈ రాతిని మొదటిసారి చూసిన వాళ్లు రంగు పూశారేమో అనుకుంటారు. అందులో ఇనుము 30 శాతం అటూ ఇటూ, మిగతాదంతా ముఖ్యంగా సిలికా. ఈ పొరలు పూడుకుపోయి, వేడికీ ఒత్తిడికీ లోనై గట్టిపడేటప్పుడు ఇనుములో చెప్పుకోదగ్గ వంతు మాగ్నటైట్‌గా స్ఫటికమైంది.

మాగ్నటైట్‌లో నాలుగు ఆక్సిజన్ పరమాణువులకు మూడు ఇనుము పరమాణువులు. ఆ మూడింటిలో రెండు మూడేసి ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్నవి, ఒకటి మాత్రం రెండే పోగొట్టుకున్నది. ఆ ఒక్కటీ మూడో ఎలక్ట్రాన్‌ను వదిలేసిన రోజున మాగ్నటైట్ ఇక మాగ్నటైట్‌గా ఉండలేదు. పరమాణువులు సర్దుకుని, మూడు ఆక్సిజన్లకు రెండు ఇనుములుండే హెమటైట్ అవుతుంది. అయస్కాంత బలం రెండువందల రెట్లకు పైగా పడిపోతుంది. స్ఫటికం బయటి రూపం మాత్రం కదలదు. చెద పట్టిన ద్వారబంధం చూసే ఉంటారు. పైకి అదే కొయ్య, అవే చెక్కడాలు, లోపల అంతా మన్ను. మార్టైట్ ఆ ద్వారబంధం లాంటిది. కాకపోతే చెదకు దారీ తెన్నూ ఉండదు, హెమటైట్‌కు ఉంది. ఈ ఖనిజం ముక్కను అద్దంలా మెరుగుపెట్టి, పరావర్తన సూక్ష్మదర్శిని కింద పెడితే బూడిద గోధుమరంగు మాగ్నటైట్ మీద తెల్లగా మెరిసే హెమటైట్ గీతలు కనిపిస్తాయి. అవి అడ్డదిడ్డంగా పోవు. స్ఫటికపు ఎనిమిది ముఖాలకు సమాంతరంగా ఉండే తలాల వెంటే లోపలికి చొరబడి, పందిరి వెదురు దబ్బల్లా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. మధ్య మధ్య మారకుండా మిగిలిపోయిన మాగ్నటైట్ ద్వీపాలు. మన రాయి అయస్కాంతానికి ఆ కాస్త అంటుకోవడానికి కారణం ఈ ద్వీపాలే. మాగ్‌హెమైట్ అని ఇంకో మధ్యంతర రూపం కూడా ఉంది. దానిది హెమటైట్ కూర్పు, మాగ్నటైట్ గుణం. అదీ కొంత లాగుతుంది.

ఇక్కడ మూడు మాటలను విడదీసుకోవాలి. పాఠ్యపుస్తకాలు చదివి వచ్చినవాళ్లు కూడా వీటిని కలిపేస్తుంటారు. శైథిల్యం అంటే ఎండకూ వానకూ గాలికీ రాయి నేల పైభాగాన చితికిపోవడం. రూపాంతరం అంటే లోతున వేడికీ ఒత్తిడికీ రాయి మొత్తంగా కొత్త రాయి కావడం. సండూరులో ఒకనాటి లావా పచ్చటి క్లోరైట్ షిస్టు అయింది ఆ దారినే. మూడోది ఆల్టరేషన్, అంటే ఖనిజంలోకి బయటి నీరో వేడి ద్రవమో వాయువో చొరబడి దాని కూర్పును మార్చడం. మార్టైటైజేషన్ ఈ మూడోదానిలో ఒక రకం. గ్రానైట్‌లోని ఫెల్‌స్పార్ తెల్లటి మట్టిగా మారడం మరో రకం. బళ్లారి కోట ఉన్న గుట్ట గ్రానైట్‌దే, దాని బీటల్లో వేలు పెట్టి గోకితే ఆ మార్పు గోటికి అంటుతుంది. హద్దులు ఎప్పుడూ స్పష్టంగా ఉండవు. వాననీటి వల్ల జరిగే ఆల్టరేషన్‌కూ శైథిల్యానికీ మధ్య గీత ఎక్కడ గీయాలో శాస్త్రవేత్తలే తలా ఒక చోట గీస్తారు.

అదే కర్ణాటకలో పడమటి కనుమల మీది కుద్రేముఖ్‌ను బళ్లారి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. కుద్రేముఖ్ రాయి ఎక్కువ వేడి తిన్న రాయి, అక్కడ మాగ్నటైట్ చాలావరకు మాగ్నటైట్‌గానే మిగిలింది. నాణ్యత తక్కువే అయినా పొడిచేసి అయస్కాంతాలతో ఏరి, గొట్టంలో మంగళూరుకు పంపేవారు. సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర ఆ గని మూతపడింది. అక్కడ కూడా పైపొరల్లో మార్టైట్ తప్పలేదు. ఏరేవాళ్లకు దానితో చిక్కే, అయస్కాంతం దాన్ని పట్టదు, మంచి ఇనుము వ్యర్థంతోపాటు కొట్టుకుపోతుంది. అందుకే అలాంటి రాయికి బరువును బట్టి వేరుచేసే పరికరాలు విడిగా కావాలి. ఒకే కూర్పు, ఒకే శాతం చూపే రెండు లారీల ఖనిజం యంత్రంలో రెండు రకాలుగా ప్రవర్తించిందంటే, ల్యాబ్ చీటీలో లేని సంగతి ఏదో రాతిలో ఉన్నట్టే కదా.

మాగ్నటైట్ హెమటైట్ కావడానికి దారులు రెండు. పాఠాల్లో చెప్పేది మొదటిది: బయటినుంచి ఆక్సిజన్ వచ్చి చేరుతుంది, రెండు అణువుల మాగ్నటైట్ మూడు అణువుల హెమటైట్ అవుతుంది. లెక్క కడితే ఘనపరిమాణం సుమారు 2 శాతం పెరుగుతుంది, అంటే మారినట్టే ఉండదు. రెండో దారిలో ఆక్సిజన్‌తో పనే లేదు. ఆమ్లగుణం ఉన్న వేడినీరు రాతిలోంచి పోతూ, రెండు ఎలక్ట్రాన్లే పోగొట్టుకున్న ఆ ఒక్క ఇనుమునూ కరిగించి పట్టుకుపోతుంది. మిగిలింది హెమటైట్. ఇలా జరిగితే ఘనపరిమాణం మూడో వంతుకు కాస్త తక్కువగా, 32 శాతం తగ్గుతుంది. ఆ మేరకు రాతిలో ఖాళీలు ఏర్పడతాయి. రెండో దారి సంగతి శాస్త్రలోకం గట్టిగా పట్టించుకున్నది ఈ శతాబ్దంలోనే. ఆస్ట్రేలియాలోని హామర్స్‌లీలో, బ్రెజిల్‌లోని కరజాస్‌లో ఇనుప కొండలను ఇలా పండించింది పైనుంచి ఇంకిన వాననీరా, కిందినుంచి ఎగదన్నిన వేడినీరా అన్న వాదన దశాబ్దాలుగా నడుస్తోంది. నాకైతే ఒకే కొండలో రెండూ వేర్వేరు కాలాల్లో పనిచేసి ఉంటాయన్న పక్షమే నమ్మదగ్గదిగా తోస్తుంది. సూక్ష్మదర్శినిలో ఒకే ముక్కలో రెండు మూడు తరాల హెమటైట్ కనిపిస్తున్నప్పుడు ఒకే కారణం కోసం పట్టుబట్టడమెందుకు?

ఇంతవరకూ ఇనుము సంగతి. 30 శాతం రాయి 60 దాటిన ఖనిజం కావడంలో పెద్దపని జరిగింది ఇనుములో కాదు, సిలికాలో. 100 కిలోల బీహెచ్‌క్యూ తీసుకుందాం. ఇనుము 30 కిలోలు. అదంతా హెమటైట్‌గా ఉందనుకుంటే హెమటైట్ 43 కిలోలు, సిలికా 57. ఇప్పుడు నీరు 52 కిలోల సిలికాను కరిగించుకుపోయిందనుకోండి. మిగిలిన రాయి 48 కిలోలు, అందులో ఇనుము అదే 30. అంటే 62 శాతానికి పైనే. బయటినుంచి గ్రాము ఇనుము రాలేదు. గ్రేడ్ రెట్టింపయింది. సిలికా మామూలు నీటిలో లీటరుకు కొన్ని మిల్లీగ్రాములే కరుగుతుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో హెమటైట్ అంత కూడా కరగదు. ఆ తేడా చాలు, లక్షల ఏళ్ల వానలకు. మాగ్నటైట్ ముందే మార్టైట్ కావడం ఇక్కడ కలిసొచ్చింది. రెండు ఎలక్ట్రాన్ల ఇనుము మిగిలి ఉంటే అదీ సిలికాతోపాటు కొట్టుకుపోయేది.

సిలికా వెళ్లిపోయిన చోట పొరల మధ్య పట్టు పోతుంది. కొన్నిచోట్ల రాయి బిస్కెట్ల దొంతరలా పొరలు పొరలుగా ఊడివస్తుంది. జియాలజిస్టులు దాన్ని నిజంగానే బిస్కెట్ ఓర్ అంటారు. పట్టు మొత్తం పోతే మిగిలేది బ్లూ డస్ట్, నీలిఛాయ ఉన్న బూడిదరంగు పొడి, చేత్తో తీస్తే వేళ్ల సందుల్లోంచి నీళ్లలా జారుతుంది. ఇనుము 65 శాతం పైమాటే. చాలాకాలం దీనికి గిరాకీ లేదు. పొడి కనుక కొలిమిలో నేరుగా వేస్తే గాలిదారి మూసుకుపోతుంది, సింటరుగానో పెల్లెట్లుగానో ముద్ద కట్టాలి. 2000 తర్వాత చైనా కొనడం మొదలుపెట్టాక ఈ పొడికి వచ్చిన విలువ, దాని వెంట బళ్లారిలో సాగిన అక్రమ తవ్వకాలు, 2011 జులై 29న సుప్రీంకోర్టు గనులు ఆపించడం, తెలుగు పత్రికలు చదివేవారికి కొత్త కాదు.

ఈ మెత్తదనం, గట్టిదనం తేడా శాస్త్రవేత్తల కంటే ముందు కమ్మరులకు తెలుసు. సండూరు సంస్థానంలో స్థానికులు కరిగించింది మెత్తని ఖనిజాన్నే. ఉక్కురంగులో మెరిసే గట్టి హెమటైట్ కొండ కొనల మీద మేటలుగా ఉన్నా దాని జోలికి పోలేదు, సమ్మెటకు లొంగదు గనుక. ఆ మెరిసేది కూడా మార్పు చెందినదే, వేడికి మళ్లీ స్ఫటికమై గట్టిపడినది. చౌక ఇంగ్లిషు ఇనుము వచ్చి వాళ్ల కొలిముల్ని ఆర్పేసింది.

ఆస్ట్రేలియా గనుల్లో ఖనిజాన్ని మార్టైట్-గోథైట్ (గోథైట్ అంటే నీటితో కలిసిన ఇనుప ఆక్సైడ్) అనీ, మార్టైట్-పలకల హెమటైట్ అనీ వర్గాలు కడతారు. వ్యాపార పత్రాల్లోనూ ఆ మాటలు తిరుగుతాయి. మన దగ్గర చీటీ మీద శాతం, ముక్కల సైజు ఉంటే సరిపోతుందనుకుంటాం. బోరు వేసి తీసిన రాతి కడ్డీల్లో ఎంత లోతున మార్టైట్ తగ్గి మాగ్నటైట్ పెరుగుతోందో చూస్తే మార్పు ఎక్కడ ఆగిందో, మంచి ఖనిజం ఎక్కడ అడుగంటుతుందో అంచనా దొరుకుతుంది. శాతం ఒక్కటే రాసుకునే చోట ఈ సమాచారం రాతితోపాటు క్రషర్‌లో పడి పొడైపోతుంది.

కర్మాగారంలో ఇదే సంగతి వేరేగా బయటపడుతుంది. మాగ్నటైట్ హెమటైట్‌గా మారేటప్పుడు వేడి పుడుతుంది. స్వీడన్‌లోని కిరునాలో మాగ్నటైట్ పొడిని పెల్లెట్లుగా కాల్చేటప్పుడు ఆ వేడే ఇంధనంలో పెద్దవంతు ఆదా చేస్తుంది. సండూరు పొడి అప్పటికే హెమటైట్. ఆ వేడిని కొండ ఏనాడో చల్లార్చేసుకుంది. ఇక్కడి పెల్లెట్ ప్లాంట్లలో 1250 డిగ్రీల పైచిలుకు వేడినంతా ఇంధనం కొని పుట్టించాల్సిందే.

తర్వాతి మజిలీ తోరణగల్లు ఉక్కు కర్మాగారం. కొలిమిలో హెమటైట్ ఒక్కసారిగా ఇనుము కాదు. కార్బన్ మోనాక్సైడ్ దాని ఆక్సిజన్‌ను మెట్టుమెట్టుగా లాగుతుంది, మొదటి మెట్టు మాగ్నటైట్. కొండ చేసిన పనిని కొలిమి గంటల్లో తిరగేస్తుందన్నమాట. ఈ మెట్టు దగ్గరే ఇంజనీర్లకు తలనొప్పి. ఆక్సిజన్ల అమరిక ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మారేటప్పుడు ముక్కలో ఒత్తిళ్లు పుట్టి బీటలు వారుతుంది, కొలిమి పైభాగంలోనే పొడై వాయువులకు అడ్డంపడుతుంది. ఏ ఖనిజం ఎంత పొడి అవుతుందో తెలుసుకోవడానికి సుమారు 550 డిగ్రీల దగ్గర వాయువులో ఉంచి, పీపాలో వేసి దొర్లించి చూసే పరీక్షను ఆర్‌డీఐ అంటారు. ఖనిజం కొనేవాళ్లు ఇనుము శాతం తర్వాత అడిగే అంకెల్లో ఇదొకటి.

బళ్లారిలో మంచి గ్రేడ్ తరుగుతోంది. 45 శాతం కంటే తక్కువని పక్కన పోసిన గుట్టలు, తవ్వకుండా వదిలేసిన బీహెచ్‌క్యూ మిగిలాయి. వీటిలో ఇనుము సన్నటి రేణువులుగా సిలికాలో ఇరుక్కుని ఉంటుంది, హెమటైట్ కావడం వల్ల మామూలు అయస్కాంతానికి చిక్కదు. అందుకని పరిశోధనశాలల్లో రాతిని పొడిచేసి, బొగ్గుతోనో వాయువుతోనో 600 నుంచి 800 డిగ్రీల దగ్గర వేయించి, హెమటైట్‌ను మళ్లీ మాగ్నటైట్ చేసి, అప్పుడు అయస్కాంతంతో ఏరుతున్నారు. పద్ధతి పనిచేస్తుంది. కాస్త ఎక్కువసేపు వేయిస్తే మాగ్నటైట్ దాటి, అయస్కాంతానికి లొంగని మరో ఆక్సైడ్ అవుతుంది. తక్కువైతే మార్టైట్ మార్టైట్‌గానే మిగులుతుంది. ఈ రెండింటి మధ్య ఎంతసేపు, ఎంత వేడి అన్నది ఒక్కో కొండ రాయికి ఒక్కోలా తేలుతుంది. దానికి బొగ్గు ఖర్చు కూడా కలిపితేనే టన్ను ఎంత పడుతుందో తెలిసేది.